జెనోవియా నానమ్మ

సామాన్య కుటుంబంలో పెరిగిన పిల్ల రాత్రికి రాత్రే రాచబిడ్డగా మారే హాస్యచిత్రాలను విమర్శకులు సాధారణంగా చిన్నచూపు చూస్తారు. నవ్వులూ నగలూ తప్ప వాటిలో చెప్పుకోదగ్గదేమీ ఉండదని వారి భావన. 2001 ఆగస్టులో అమెరికా థియేటర్లలో విడుదలై, అదే ఏడాది డిసెంబరులో వీడియో క్యాసెట్‌గా, డీవీడీగా ఇళ్లకు చేరిన ‘ది ప్రిన్సెస్ డైరీస్’ విషయంలో ఆ భావన నిలవదు. మెగ్ కాబట్ 2000లో ప్రచురించిన నవల ఆధారంగా గ్యారీ మార్షల్ దర్శకత్వంలో డిస్నీ సంస్థ నిర్మించిన ఈ చిత్రం, పైకి పదిహేనేళ్ల పిల్ల కథలా కనిపించినా, లోపల ఒక నానమ్మ కథ. ఇంట్లో తీరిగ్గా, రెండోసారి చూసినప్పుడే ఆ సంగతి పూర్తిగా బోధపడుతుంది.

శాన్‌ఫ్రాన్సిస్కోలో, ఒకప్పుడు అగ్నిమాపక కేంద్రంగా ఉన్న పాత భవనంలో చిత్రకారిణి అయిన తల్లితో ఉంటున్న మియా థర్మోపొలిస్, నలుగురిలో నోరు విప్పడానికే జంకే పిల్ల. తాను ఎన్నడూ చూడని తండ్రి జెనోవియా అనే చిన్న ఐరోపా రాజ్యానికి యువరాజని, ఆయన మరణంతో ఆ సింహాసనానికి తానే వారసురాలినయ్యానని, రాణి అయిన నానమ్మ క్లారిస్ వచ్చి చెప్పేదాకా ఆమెకు తెలియదు. జెనోవియా కల్పిత దేశం. నవలలో తండ్రి బతికే ఉంటాడు. నానమ్మ మరింత కటువైన మనిషి. కథ నడిచేది న్యూయార్క్‌లో. తండ్రిని మరణించినవాడిగా మార్చడంలోనే చిత్ర రచయిత్రి జీనా వెండ్‌కోస్ ప్రతిభ ఉంది, ఎందుకంటే ఆ ఒక్క మార్పుతో క్లారిస్ కేవలం వారసురాలిని వెతుక్కుంటూ వచ్చిన రాణిగా మిగలక, కొడుకును పోగొట్టుకున్న తల్లిగా కూడా మన ముందు నిలుస్తుంది.

ఈ పాత్రకు జూలీ ఆండ్రూస్‌ను ఎంచుకోవడం వెనుక నలభై అయిదేళ్ల రంగస్థల చరిత్ర ఉంది. 1956లో బ్రాడ్‌వేలో, అంటే న్యూయార్క్‌లోని ప్రధాన నాటకశాలల్లో, ‘మై ఫెయిర్ లేడీ’ సంగీత నాటకం ప్రదర్శించినప్పుడు, ఉచ్చారణ నేర్చుకుని దొరసానిగా మారే పూలమ్మి ఎలైజాగా నటించింది ఆమే. 1964లో ఆ నాటకం సినిమాగా వచ్చినప్పుడు పాత్ర ఆడ్రీ హెప్‌బర్న్‌కు దక్కింది. అదే ఏడాది వచ్చిన ‘మేరీ పాపిన్స్’కు ఆండ్రూస్ ఉత్తమ నటిగా ఆస్కార్ అందుకుంది. ఒకనాడు రంగస్థలంపై శిష్యురాలైన నటి ఇక్కడ గురుస్థానంలో కూర్చుంది. 1997లో గొంతుకు జరిగిన శస్త్రచికిత్సతో ఆమె గానస్వరం దెబ్బతిన్నది గనుక, ఈ చిత్రంలో ఆమె బలమంతా మాట విరుపులో, కూర్చునే తీరులో, చూపులోనే కనిపించాలి, కనిపించింది కూడా.

భోజనం బల్ల దగ్గరి పాఠమే ఇందుకు నిదర్శనం. నడుము నిటారుగా పెట్టి కూర్చోవడం అలవడాలని క్లారిస్ మనవరాలిని ఖరీదైన పట్టు స్కార్ఫ్‌తో కుర్చీకి కట్టేస్తుంది. అతిథులను ఇలా బంధించడం మీ దేశాచారమా అని పిల్ల అడిగితే, ఇది శిక్షణలో భాగమని ముఖం మీద ఏ కదలికా లేకుండా చెబుతుంది. రాజరికమంటే హక్కు కాదని, నేర్చుకుని చెయ్యవలసిన ఉద్యోగమని చిత్రం మొత్తంలో ఇంత స్పష్టంగా తెలిపిన సన్నివేశం మరొకటి లేదు. 1971లో రాజ్యాంగ సవరణతో రాజభరణాలను, అంటే మాజీ సంస్థానాధీశులకు ప్రభుత్వం ఏటా చెల్లించే సొమ్మును, రద్దు చేసుకున్న దేశంలోని ప్రేక్షకులకు కూడా ఈ రాణి పరాయిదిగా తోచకపోవడానికి కారణం బహుశా ఇదే.

చిత్రంలోని అతి బలహీనమైన ఘట్టం అందరూ గుర్తుంచుకునేదే కావడం విచారకరం. అలంకర్త పావొలో మియా ఉంగరాల జుట్టును సాపు చేసి, కళ్లజోడు విరిచేసి, ఆమెను అందగత్తెగా ‘తయారుచేసే’ ఆ ఘట్టం, ఉన్న రూపంతో ఆడపిల్ల గౌరవానికి తగదన్న పాత అభిప్రాయాన్ని ప్రశ్నించకుండానే వదిలేస్తుంది. అయితే కథ ఆఖరి మలుపు దీన్ని కొంతవరకు సరిదిద్దుతుంది: పారిపోదామనుకున్న మియా, తండ్రి రాసి ఉంచిన ఉత్తరం చదివి మనసు మార్చుకుని, వానలో తడిసి ముద్దయిన బట్టలతోనే నిండు సభలో నిలబడి బాధ్యతను స్వీకరిస్తుంది. ఆ తర్వాత మళ్లీ పట్టుగౌను, కిరీటం వస్తాయి, నిజమే. కానీ నిర్ణయం మాత్రం అవేవీ లేనప్పుడే జరిగింది.

శాన్‌ఫ్రాన్సిస్కో ఏటవాలు వీధులను దర్శకుడు వాడుకున్న తీరు ప్రత్యేకంగా మెచ్చుకోదగినది. మనవరాలు నడుపుతున్న పాత మస్టాంగ్ కారు ఎత్తు ఎక్కలేక వెనక్కి జారి, పట్టాలపై నడిచే కేబుల్ కారును ఢీకొట్టినప్పుడు, క్లారిస్ అక్కడికక్కడే పోలీసుకు, కేబుల్ కారు నడిపేవాడికి జెనోవియా ‘గులాబీ బిరుదు’ ప్రసాదించి గండం గట్టెక్కిస్తుంది. అంతవరకు మర్యాదలు నేర్పిన మనిషి, ఆ మర్యాదలను మనవరాలి కోసం అంత గంభీరంగా, అంత ధారాళంగా ఖర్చు పెట్టడం చూసినప్పుడు ఆ ఇద్దరి మధ్య దూరం తరిగిపోయిందని ప్రేక్షకుడికి ఎవరూ చెప్పనక్కరలేదు.

డీవీడీ వల్ల కలిగిన అసలు మేలు, సినిమా నడుస్తుండగా దాన్ని తీసినవారి మాటలు వినిపించే శ్రవ్య వ్యాఖ్యానం. ఈ డిస్కులో దర్శకుడిది ఒకటి, ఆండ్రూస్, మియాగా నటించిన ఆన్ హాథవే కలిసి చెప్పినది మరొకటి ఉన్నాయి. వానకు తడిసిన బెంచీల మీద స్నేహితురాలితో మాట్లాడుతూ మియా జారి పడిపోవడం, రాసిపెట్టిన హాస్యం కాదు. చిత్రీకరణలో హాథవే నిజంగానే జారిపడగా, మార్షల్ దాన్ని తీసెయ్యకుండా ఉంచాడు. థియేటరులో నవ్వి ఊరుకున్న ఆ క్షణాన్ని ఇంట్లో వెనక్కి తిప్పి చూస్తే, పడినా ఆపకుండా నవ్వుతూ సంభాషణ కొనసాగించిన నూతన నటి స్థైర్యం కనిపిస్తుంది. 2004లో వచ్చిన రెండో భాగం, ముప్పై రోజుల్లో పెళ్లి చేసుకోకపోతే సింహాసనం దక్కదన్న నిబంధన చుట్టూ తిరిగి చాలాచోట్ల పలచబడినా, అందులో ఆండ్రూస్ శస్త్రచికిత్స తర్వాత తెరపై మళ్లీ పాడింది. స్వరం తగ్గించి, మాటకు దగ్గరగా పాడిన ఆ కొద్ది నిమిషాల కోసమైనా ఆ డిస్కును కూడా మొదటిదాని పక్కన ఉంచుకోవచ్చు.