దేవకి మాట ఎవరు వ్రాస్తారు?

షెల్లీ వుడ్ 2019లో వెలువరించిన ‘ది క్వింట్‌లాండ్ సిస్టర్స్’ అనే ఆంగ్ల నవల ఆసాంతం చదివించింది. అయినా నాకొక అభ్యంతరమున్నది.

1934 మే 28న కెనడాలోని ఆంటారియోలో, క్యాలెండర్ గ్రామ సమీపాన, డియోన్ దంపతులకు ఒకే కాన్పులో అయిదుగురు ఆడశిశువులు జన్మించారు. అందరినీ కలిపి తూచినా సుమారు ఆరు కిలోలే! అయినా బ్రతికి బట్టకట్టారు. ప్రభుత్వం వారిని తలిదండ్రులనుండి వేరుచేసి, ఇంటికెదురుగా కట్టిన శిశుగృహంలో పెంచింది. 1943లో ఇల్లు చేరేలోగా దాదాపు ముప్పది లక్షలమంది తెరచాటునుండి ఆ పిల్లల ఆటలు చూచిపోయారు. జంతుప్రదర్శనశాలకు దీనికి భేదమేమి?

నవలలో ఎమ్మా అనే పదునేడేండ్ల కల్పిత పాత్ర నర్సుగా చేరి దినచర్య వ్రాసుకొంటుంది. ఆమె వాత్సల్యాన్ని శంకించను. కాని ఆ వాత్సల్యం చదువరికి సులభమైన ఊరటనిస్తుంది: పోనీలే, ప్రేమించే మనిషి ఒకతె ఉన్నది కదా అని. కన్నతల్లి ఎల్జీర్‌ను సైతం మనం చాలవరకు ఆ పిల్ల కన్నులతోనే చూస్తాము. మన కవులూ యశోదను పాడినంతగా దేవకిని పాడలేదు, నిజమే. అయితే యశోద చెరసాల కొలువులో జీతం పుచ్చుకోలేదు!

ఇల్లు చేరిన పిదపా సుఖమెరుగమని ఆ సోదరీమణులే చెప్పుకొన్నారు గనుక తల్లిని దేవతను చేయమనను. 1998లో ప్రభుత్వం మిగిలిన ముగ్గురికి నలువది లక్షల డాలర్ల పరిహారమిచ్చింది. నవల వెలువడేనాటికి ఇద్దరు సజీవులు. బిడ్డలను చూడడానికి వీథి దాటి, పరుల అనుమతికై నిలిచిన ఎల్జీర్ చెప్పుకొనే కథ కావాలి నాకు.