ఆంగ్ల విశేషణముల వివేచనము

ఆంగ్లభాషలో ఒకే నామమునుండి పుట్టియు వేర్వేరు అర్థములను వహించు విశేషణములు పెక్కు కలవు. రూపమున అవి అక్కచెల్లెండ్రవలె నుండును, గుణమున వేరు. మన విద్యార్థులు వీనిని రెండు వరుసలుగా వ్రాసికొని, తెలుగు అర్థములతో వల్లించి, పరీక్షనాడు ఒకదానికి బదులు మరియొకదానిని వాడుచున్నారు. వల్లించుట మాని, ఏ విశేషణము ఏ నామముతో కూడునో చూచి నేర్చుట మేలని నా అభిప్రాయము.

ఉదాహరణములకై దూరము పోనక్కరలేదు. 1923లో ఆరంభమై 1931లో ముగిసిన నిజాంసాగరు మంజీరా జలములను మన జిల్లా పొలములకు మరల్చెను. ఆ నీటివలన చెరకు పెరిగెను. 1937లో బోధను వద్ద నిజాం చక్కెర కర్మాగారము వెలసెను. అది వెలయుట ఈ ప్రాంతమునకు ‘హిస్టారిక్’ సంఘటనము, అనగా చరిత్రలో నిలువదగినది. ఆనాటి లెక్కల పుస్తకములు ‘హిస్టారికల్’ సాధనములు, అనగా చరిత్రకు సంబంధించినవి. చరిత్రకు సంబంధించిన దంతయు చరిత్రలో నిలువదగినది కాదు. తెలుగున రెంటికిని ‘చారిత్రక’ మనియే వ్రాయుచున్నాము గనుక పొరపాటు సులభమగుచున్నది.

అట్లే, కర్మాగారమువలన బోధను ‘ఇండస్ట్రియల్’ పట్టణమాయెను. ఎండలో చెరకు నరికి బండ్ల కెత్తిన కూలీలు ‘ఇండస్ట్రియస్’ జనులు. మొదటిది పరిశ్రమలకు, రెండవది శ్రమశీలతకు చెందినది. లాటినులో శ్రద్ధ అను నర్థముగల ఒక్క మాటయే రెంటికిని మూలము.

ఇంత సూక్ష్మము పల్లెటూరి బాలున కేల యని కొంద రడుగవచ్చును. 2015 డిసెంబరులో ఆ కర్మాగారము మూతపడగా రైతులకును కార్మికులకును కలిగినది ‘ఎకనామిక్’ నష్టము. ఒక బాలుడు తన తండ్రి పక్షమున అధికారులకు అర్జీ వ్రాయుచు, ఈ మూత రైతులకు ‘ఎకనామికల్’ ఆయెనని వ్రాసె ననుకొందము. దానివలన రైతులకు సొమ్ము ఆదా అయినదని అర్థమగును. మొర మెప్పుగా మారిపోవును. అర్జీ చదువువారు వ్రాసినవాని మనస్సును చూడజాలరు, మాటనే చూతురు. చదువురాని తలిదండ్రులకు కుమారుని కలమే నోరైనపుడు ఆ సూక్ష్మము సూక్ష్మము కాదు.

మాట చివరి తోకలను బట్టి సూత్రము చేయుద మన్నను అది నిలువదు. ‘హిస్టారికల్’లో సంబంధార్థము నిచ్చిన తోకయే ‘ఎకనామికల్’లో పొదుపును తెలుపుచున్నది. కావున విశేషణమును ఒంటిగా గాక నామముతో జతచేసి నేర్వవలెను: ‘ఎకనామిక్’ నష్టము, ‘ఎకనామికల్’ గృహిణి. వ్రాయుటకు ముందు ఆ జంటను తెలుగున చెప్పికొని చూడుడు. ‘ఆర్థిక నష్టము’ అనుటకు బదులు ‘పొదుపైన నష్టము’ అన్నచో మన చెవియే ఒప్పుకొనదు. ‘చారిత్రక’ మను మాటవలె ఒకే పదము రెంటికిని చాలుచోట, దానిని విడదీసి ‘చరిత్రలో నిలుచునది’ యనియో ‘చరిత్రకు సంబంధించినది’ యనియో చెప్పికొనవలెను. మాతృభాషయందు శ్రద్ధ గలవాడే పరభాషయందు తప్పక నడచును.

విద్యార్థులారా, చిన్నబిడ్డలవలె కావలెనని ప్రభువు బోధించినది ‘చైల్డ్‌లైక్’ విశ్వాసమును గూర్చియే గాని ‘చైల్డిష్’ చేష్టలను గూర్చి కాదు. ఈ రెంటి భేదము నెరుగుట వ్యాకరణమునకే కాదు, నడవడికిని అవసరము.