గోండి అక్షరం తెర మీదికి వచ్చింది, ఇక బడిలోకి రావాలి

ఏటా ఆగస్టు 9న, ప్రపంచ ఆదివాసీ దినోత్సవం నాడు, మన ఫోన్లు నెమలి ఈకల టోపీలు ధరించిన గుస్సాడీ నృత్యకారుల చిత్రాలతో నిండిపోతాయి. వాటి కింద తెలుగులోనో హిందీలోనో నాలుగు మాటలు ఉంటాయి. ఆడుతున్న ఆ మనిషి తన గురించి తన భాషలో ఏమి చెప్పదలచుకున్నాడో మాత్రం మనకు తెలియదు. ఒక జాతి ఇతరులకు కనిపించడం వేరు, తన గురించి తాను చెప్పుకోవడం వేరు. ఇతరులు గీసిన బొమ్మలోనే తమను చూసుకోవలసి రావడం ఎంత బాధాకరమో మన పాఠకులకు వివరించనవసరం లేదు.

2011 జనాభా లెక్కల ప్రకారం గోండి మాతృభాషగా గలవారు దాదాపు 30 లక్షల మంది. వారు మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, మహారాష్ట్ర, తెలంగాణ తదితర రాష్ట్రాలలో విస్తరించి ఉన్నారు. బడిలో ఒకచోట హిందీ, మరొకచోట మరాఠీ, ఇంకొకచోట తెలుగు. అందువల్ల ఒకే భాష మాట్లాడే జనం ఒకరి రాతను మరొకరు చదవలేని దుస్థితి ఏర్పడింది.

ఈ మౌనాన్ని మొదట ఛేదించినది గొంతు. 2010లో ఛత్తీస్‌గఢ్‌లో మొదలైన ‘సీజీనెట్ స్వర’ ద్వారా చదువు రానివారు సైతం మామూలు ఫోన్ నుండి తమ మాటను సొంత భాషలో నమోదు చేయగలిగారు. అందని కూలి, రాని రేషన్, పాడైన చేతిపంపు, వాటితోపాటు తమ పాటలు కూడా ఫోన్‌లోనూ ఇంటర్నెట్‌లోనూ వినిపించసాగాయి.

గొంతు తర్వాత లిపి వచ్చింది. ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామంలో గోండి లిపిలో రాసిన పాత ప్రతులు వెలుగుచూశాయి. కంప్యూటర్లు, ఫోన్లు అక్షరాలను గుర్తించే ఉమ్మడి పట్టిక అయిన యూనికోడ్‌లో ఆ లిపికి 2018లో చోటు దక్కింది. అంతకు ముందు ఏడాదే, మున్షీ మంగళ్‌సింగ్ మసరాం 1918లో రూపొందించిన మరో గోండి లిపి కూడా అందులో చేరింది. ఏ లిపిని వాడుకోవాలన్నది గోండులు తేల్చుకోవలసిన విషయం. వారికి లిపియే లేదనే మాట మాత్రం ఇక చెల్లదు.

అయితే పట్టికలో చేరిన అక్షరం దానంతట అదే బతకదు. దాన్ని చదివే పిల్లలు ఉండాలి. సంతాలీ అనుభవం చూడండి. రఘునాథ్ ముర్ము 1925లో ఓల్ చికి లిపిని రూపొందించారు. 2003 నాటి రాజ్యాంగ సవరణతో సంతాలీ ఎనిమిదో షెడ్యూలులో చేరింది. 2008లో ఆ లిపి యూనికోడ్‌లోకి, 2018లో ఆ భాష వికీపీడియాలోకి వచ్చాయి. గోండి మాత్రం ఆ షెడ్యూలులోని 22 భాషలలో నేటికీ లేదు.

మన హక్కుల కోసం మనం తరచూ ఉదహరించే 29(1) అధికరణం మతం పేరు ఎత్తదు. ప్రత్యేక భాష, లిపి, సంస్కృతి గల ప్రతి సముదాయానికీ వాటిని కాపాడుకునే హక్కు ఉందని చెబుతుంది. భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషా బోధనకు తగిన వసతులు కల్పించాలని 350ఎ అధికరణం ఆదేశిస్తుంది. ఈ అధికరణాలు గోండి బిడ్డకు అక్కరకు రాకపోతే, రేపు ఉర్దూ బిడ్డకు అక్కరకు వస్తాయని ఎలా నమ్మగలం? ఇంట్లో ఉర్దూ మాట్లాడుతూ ఆ అక్షరాలను చదవలేని పిల్లలు మన మధ్యనే ఉన్నారు కదా!

కనుక గోండిని ఎనిమిదో షెడ్యూలులో చేర్చాలని, గోండు గూడేలలోని ప్రాథమిక పాఠశాలల్లో ఆ భాషలో బోధన సాగాలని మేము కోరుతున్నాం. మన సంఘాలు తమ వినతిపత్రాలలో ఉర్దూతోపాటు గోండి పేరు కూడా రాయాలి. వచ్చే ఆగస్టు 9న మరో నృత్యచిత్రాన్ని పంచుకునే ముందు, గోండులు తమ గురించి తాము చెప్పుకున్న ఒక్క మాటనైనా వెతికి విందాం.