పాతబంగారము – రెండవ తరుగు

మన దేశమున సామాన్యస్త్రీకి ఆస్తి యనఁగా నగయే. పొలమును, ఇల్లును మగవారి పేర నుండుట చిరకాలపు వాడుక గనుక, తల్లి పెట్టిన గొలుసును, పెండ్లినాఁటి గాజులును మాత్రమే ఆమె నిస్సంకోచముగా తనవని చెప్పుకొనఁగల సొత్తు. 1956వ సంవత్సరపు హిందూ వారసత్వ చట్టము స్త్రీ సొత్తునకు ఆమెయే సంపూర్ణముగా హక్కుదారని శాసించెను. 1985లో ప్రతిభారాణి వ్యాజ్యమున సుప్రీంకోర్టు స్త్రీధనము భార్యకే చెందుననియు, దానిని తిరిగి యీయని భర్తయు నత్తవారును నేరస్థులుగా విచారింపఁబడవచ్చుననియు తీర్పు చెప్పెను. ఇంత పోరాటముచే సిద్ధించిన హక్కు, అవసరము వచ్చి ఆ నగను అమ్మఁబోయిన నాఁడు, వర్తకుని బల్లయొద్ద పావుగంటలో ఎంత కరఁగిపోవుచున్నదో విచారించువారు అరుదు. కావున మేమీ విషయమును చదువరుల యెదుట పెట్టుచున్నాము.

ఏ యింటి బీరువా వెదకినను గుడ్డపీలికలో ముడివేసిన పాతబంగారము కొంత దొరకును. తెగిన గొలుసు, విఱిగిన గాజు, జత పోయిన కమ్మ, సొట్టలు పడిన గుండ్లు, రాళ్లు రాలిన ఉంగరము – ఇట్టివి. పిల్లవాని కళాశాల జీతమునకో, ఆసుపత్రి ఖర్చునకో, వడ్డీ పెరిగిన అప్పునకో ఒకనాఁడు ఆ ముడి విప్పవలసి వచ్చును. ఇల్లాలు ఎవరికిని చెప్పక, తెలిసినవారు కానరాని వీధిలోని అంగడి వెదకికొని పోవును. వర్తకుఁడు ఆ ముక్కలను అరచేత వేసికొని చూచును. గీటురాతిమీద ఒక గీఁత గీయును. "పాతదమ్మా, టంకము ఎక్కువ, వన్నె తక్కువ, తరుగు పోవును" అని ఒక చీటిముక్కమీద అంకె వేసి చూపును. ఆ అంకె యెట్లు వచ్చెనో ఆమె అడుగదు. అడిగినను అతఁడు తిన్నగా చెప్పఁడు.

మేము చెప్పఁదలఁచినది ఒక్కటే. విఱిగినది నగ గాని బంగారము కాదు. ఇనుము త్రుప్పు పట్టును, ఇత్తడి చిలుము పట్టును, కఱ్ఱ పుచ్చిపోవును. బంగారమున కీ బాధలు లేవు. మేలిమి బంగారము 1,064 డిగ్రీల వేఁడిమియొద్ద కరఁగి, చల్లారి, మరల నదే బంగారమగును. నగ విఱిగినచో దాని పనితనము పోవును. మజూరీ తిరిగి రాదు. ఈ మాట మేమును ఒప్పుకొందుము. కాని అమ్మవచ్చిన స్త్రీ పనితనమునకు వెల యడుగుటలేదు, లోహమునకే యడుగుచున్నది. లోహము తగ్గనపుడు వెల యేల తగ్గవలెను?

ఒక లెక్క వేసి చూతము. ఒకామె 22 కారెట్ల గొలుసు 20 గ్రాములది కొన్నదనుకొందము. అంగడివారు నూటికి 15 వంతున తరుగు కట్టిరనుకొందము. అనఁగా 3 గ్రాములు. ఆమె 20 గ్రాములు మెడలో వేసికొని 23 గ్రాములకు వెల చెల్లించినది. కొన్నియేండ్లకు గొలుసు తెగినది. ముక్కలన్నియు చేర్చి తూఁచఁగా 20 గ్రాములే తూఁగినవి. వర్తకుఁడు నూటికి 10 వంతున తరుగు తీసి 18 గ్రాములనెను. పిమ్మట "ఇది 22 కాదు, 20 కారెట్లే" యని కంటితో నిర్ణయించి ఆ 18 గ్రాములను 16.36 గ్రాములు చేసెను. 23 గ్రాములకు సొమ్మిచ్చిన స్త్రీ 16.36 గ్రాములకు సొమ్ము పుచ్చుకొని యిల్లు చేరినది. నడుమ 6.64 గ్రాములేమైనవి? మెడలో అరుగలేదు, దొంగ యెత్తుకొని పోలేదు. మొదటి తరుగు 3 గ్రాములు, రెండవ తరుగు 2 గ్రాములు, వర్తకుని యూహ 1.64 గ్రాములు మ్రింగినవి. ఈ యంకెలు మేము దృష్టాంతమునకు వేసినవి. చదువరులు తమ చీటీలలోని యంకెలను వీని స్థానమున వేసి చూచుకొందురు గాక.

మొదటి తరుగునకు ఒక సాకైనను గలదు. ఆకురాయి పట్టునపుడు, మెఱుఁగు పెట్టునపుడు రజను రాలుట నిజము. అదియైనను పూర్తిగా పోవునది కాదు. పనివారి వీధుల మట్టి నూడ్చి కడిగి అందలి రజనుతో బ్రతుకువారుండుటయే ఇందుకు సాక్ష్యము. రెండవ తరుగున కేమి సాకు? అక్కడ ఆకురాయి లేదు, మెఱుఁగు లేదు, చేసిన పనియే లేదు. పని చేయనిచోట పనిలోఁ బోయినదని తగ్గించుట యే న్యాయము?

వర్తకుల వాదమును మేము వినకపోలేదు. పాతనగలలో అతుకులకు వేసిన టంకము మేలిమి తక్కువదనియు, గుండ్లలో లక్క యుండుననియు, కరఁగించినపుడు కొంత మడ్డి పోవుననియు వారందురు. ఇందు సత్యము గలదు. లక్కకును రాళ్లకును బంగారపు వెల యీయుమని మేము కోరము. కాని వారి నొక ప్రశ్న యడుగుదుము: అమ్మునపుడు ఆ లక్కను, ఆ రాళ్లను బంగారముతోఁ గలిపి తూఁచిన యంగళ్లు లేవా? ఒకే రాయి అమ్మునాఁడు బంగారమై, కొనునాఁడు రాయియగుట యెట్లు? ఇఁక టంకము మాట. ఎంత కలిసినదో ఊహింప నక్కఱలేదు, పరీక్షింపవచ్చును. అంగళ్లలోని ఎక్స్‌రే యంత్రము పైపొరను మాత్రమే చదువును గనుక, అతుకుమీఁద పెట్టిన నొకటి, విడిగాఁ బెట్టిన నొకటి చెప్పవచ్చును. ముక్కలన్నియు అమ్మువారి కన్నులయెదుట కరఁగించి, ఆ ముద్దను తూఁచి, పరీక్షింపించినచో మడ్డి యెంతయో, మేలిమి యెంతయో తేలిపోవును. అట్లు తేలిన నష్టము ఎంతయైనను అమ్మువారు భరింతురు. తేల్పకమున్నే తగ్గించునది తరుగు కాదు, అపహరణము.

ఇచ్చట కంసాలి కులమును నిందించు సామెతలను వల్లించువారు కొందఱు బయలుదేరుదురు. ఆ సామెతలతో మాకు పని లేదు. 1963లో ప్రభుత్వము 14 కారెట్లకు మించిన నగలు చేయరాదని కట్టడి చేసినపుడు పని పోయి వీధిని పడినవారు ఈ పనివారే. నేఁడు వారిలో ననేకులు పెద్ద యంగళ్లకు కూలికి పనిచేయుచున్నారు. బల్లయొద్ద వేయు తరుగు కొలిమియొద్ద కూర్చున్న వాని చేతికి చేరుటలేదు. ఒక వ్యాపారపద్ధతి చేయు తప్పును ఒక కులము తలకు చుట్టుట సంస్కారము కాదు, దోషులను దాఁచుటయే.

అయితే వర్తకుని మాత్రమే తప్పుపట్టి విడిచినచో మేము సగము సత్యమే చెప్పినవారమగుదుము. ఈ యన్యాయమునకు కావలి కాయునది మన సిగ్గు. బంగార మమ్ముట యింటి లక్ష్మిని వెడలఁగొట్టుటయని పెద్దలందురు. ఇరుగుపొరుగువారు "వారికి దినములు బాగులేవు" అని గుసగుసలాడుదురు. ఇందుకు వెఱచి స్త్రీ రహస్యముగా పోవును, తొందరగా అమ్మును, రసీదు అడుగదు, రెండవ యంగడిలో వెల విచారింపదు. మగవాఁడు పొలమమ్మినచో నలుగురు పెద్దలు కూర్చుందురు, దస్తావేజు వ్రాయుదురు, రిజిస్ట్రారు ముద్ర వేయును. ఆఁడుదాని సొత్తు మాత్రము చీటిముక్కమీఁద అమ్ముడుపోవును. కష్టకాలమునకు పనికిరాని లక్ష్మి బీరువాలో నున్న నేమి, లేకున్న నేమి? అవసరమునకు సొత్తు నమ్ముట అవమానము కాదు. లెక్క తెలియక అమ్ముటయే నష్టము.

కొలతలయం దజ్ఞానము మఱియొక కీడు. కోస్తా జిల్లాలలో కాసు లెక్క, తెలంగాణమున తులము లెక్క. కాసనఁగా 8 గ్రాములు. తులమనఁగా పూర్వము 11.66 గ్రాములు, నేఁటి యంగడిలో 10 గ్రాములే. అవ్వ యిచ్చిన హారము 5 తులములని విన్న మనుమరాలు, వర్తకుఁడు 50 గ్రాములన్నపుడు లెక్క సరిపోయినదని తల యూఁచును. పాత తులమున అది 58 గ్రాములకు పైఁబడవలెనని ఆమెకు చెప్పినవారు లేరు.

ప్రభుత్వము ఏమియు చేయలేదని మేమనము. 2000వ సంవత్సరమున బంగారు నగలకు హాల్‌మార్కు ముద్ర యేర్పడెను. 2021 జూన్ 16 నుండి 256 జిల్లాలలో అది తప్పనిసరి యయ్యెను. 2023 ఏప్రిల్ 1 నుండి ఆఱక్షరముల గుర్తు లేని హాల్‌మార్కు నగను వర్తకుఁడు అమ్మరాదు. 916 అని ముద్ర యున్నచో వేయింట 916 పాళ్లు మేలిమియని యర్థము. ఇవి మంచి నిబంధనలు. కాని ఇవి వర్తకుఁడు అమ్ము నగకు కట్టినవి. గృహిణి అమ్మఁదెచ్చిన పాతముక్కను అతఁ డే లెక్కతో కొనవలెనో ఇవి చెప్పవు. తలుపు ఒక రెక్క మూసి రెండవ రెక్క తెఱచి యుంచినట్లున్నది.

కావున మేము కోరునవి ఇవి. అంగడి ముంగిట అమ్మకపు ధర వ్రాసిన పలకమీఁదనే పాతబంగారము కొను ధరయు వ్రాయవలెను. మొత్తపు తూనిక, రాళ్లు లక్కల తూనిక, కరఁగిన పిదప తూనిక, పరీక్షలో తేలిన మేలిమి, ఆనాఁటి ధర – ఈ యయిదును వేర్వేరుగా వ్రాసిన రసీదు ఈయవలెను. తరుగను పేర ఒక్క గురిగింజయెత్తైనను తీయరాదు. సొమ్ము అమ్మిన స్త్రీ పేరనున్న బ్యాంకు ఖాతాలోనే చేరవలెను.

సోదరీమణులకు మా మనవి. మీ నగలన్నిటిని గ్రాములలో తూఁచి ఒక పుస్తకమున వ్రాసి యుంచుఁడు. కొన్న రసీదులను నగలతోపాటు దాఁచుఁడు. అమ్మవలసి వచ్చినచో ముందు హాల్‌మార్కు పరీక్షాకేంద్రమునకు పోయి, రుసుము చెల్లించి, మేలిమి తెలిసికొనుఁడు. ఆ కాగితము చేతఁబట్టుకొని పట్టపగలు, తెలిసినవారి వీధిలోనే, రెండు మూఁడు అంగళ్లు విచారించి అమ్ముఁడు. తలవంచుకొని పోవలసినవారు మీరు కారు.