ఉదజనితో నడచు బండి



పొగకు మారుగా నీటియావిరిని విడుచు కారును గూర్చి వార్తాపత్రికలలో మీరును చదివియే యుందురు. 2022 మార్చి 30వ తేదీని కేంద్ర రహదారుల మంత్రి శ్రీ నితిన్ గడ్కరీగారు అట్టి బండిలోనే పార్లమెంటు భవనమునకు వచ్చిరి. అది టొయోటా సంస్థవారి ‘మిరాయ్’ యను కారు. దానికి పెట్రోలుతో గాని డీజిలుతో గాని పనిలేదు. ఇట్టి బండిని జూచి “నీటితో నడచు కారు వచ్చినదట” యని కొందరనుచున్నారు. ఈ మాట సరికాదు. సరికాని మాట యొక్కొక్కప్పుడు ఇంటిలోని రూకలను గూడ బయటి కీడ్చుకొని పోవును గనుక, ఈ నెల దీని నిజానిజములను విచారింతము.

ఆ బండిలో నింపునది నీరు కాదు. ఉదజని యను వాయువు. దీనినే హైడ్రోజను అందురు. దీనిని ప్రత్యేక వాయువుగా 1766లో గుర్తించినవాడు కావెండిషు అను నాంగ్లేయ పండితుడు. తరువాత ఫ్రెంచి పండితుడగు లావోజియే దీనికి ‘నీటిని పుట్టించునది’ యను నర్థము గల గ్రీకు పేరు పెట్టెను. పేరు సార్థకమే. ఒక కిలో ఉదజని 8 కిలోల ప్రాణవాయువుతో గలసినచో 9 కిలోల నీరగును. ఆ కలయికలో గొప్ప శక్తి వెలువడును. తూకమునకు తూకముగా జూచినచో పెట్రోలు కంటె ఉదజనిలో నించుమించు మూడింతల శక్తి యున్నది.

ఆ శక్తిని మంటగా గాక, తిన్నగా విద్యుత్తుగా గ్రహించు సాధనమే ఇంధన ఘటము. 1839లో విలియం గ్రోవ్ అను నాతడు ఈ మార్గమును కనుగొనెను. దాని పని తీరు గ్రహించుట కష్టము కాదు. ఘటము నడుమ నొక పలుచని పొర యుండును. ఒక ప్రక్కను ఉదజనిని, రెండవ ప్రక్కను గాలిని పంపుదురు. పొర కిరువైపుల ప్లాటినము పూత యుండును. ఆ పూత తాకగానే ఉదజని పరమాణువు రెండుగా విడిపోవును: ఒకటి ప్రోటాను, రెండవది ఎలక్ట్రాను. పొర ప్రోటానులను మాత్రమే తనగుండ పోనిచ్చును. ఎలక్ట్రానులకు త్రోవ యీయదు. అవి తీగవెంట చుట్టుదారిని ఆవలి ప్రక్కకు చేరవలయును. వాగున కడ్డుకట్ట వేసి నీటిని కాలువగుండ మరలించినప్పుడు, ఆ నీరు పోవుచు పోవుచు తిరుగలిని ద్రిప్పుట లేదా? అట్లే ఎలక్ట్రానులు తీగలో పోవుచు కారు మోటారును ద్రిప్పును. ఆవలి ప్రక్కను ప్రోటానులు, ఎలక్ట్రానులు, గాలిలోని ప్రాణవాయువు మూడును గలసి నీరగును. మంట లేదు, మసి లేదు.

ఒక్క ఘటము వలన వచ్చు నొత్తిడి ఒక వోల్టునకు లోపే. చేతిదీపములో వేయు చిన్న సెల్లు కంటెను తక్కువ. అందుచేత మిరాయ్ కారులో 330 ఘటములను అరిసెల దొంతరవలె నొకదానిపై నొకటి పేర్చిరి. దాని సిలిండర్లలో 5.6 కిలోల ఉదజని పట్టును. దానిని నింపుటకు అయిదు నిమిషములు చాలును. దానితో 650 కిలోమీటర్ల వరకు పోవచ్చునని తయారుచేసినవారి లెక్క.

ఈ విద్య మొదట ఆకాశ ప్రయాణమునకే యక్కరకు వచ్చినది. 1965లో అమెరికావారి జెమిని నౌకలలో ఇంధన ఘటము లుండెను. అపోలో నౌకలలో చంద్రునికడ కేగినవారు వాని నుండి వచ్చిన నీటినే త్రాగిరి. మన యాంధ్రదేశమును ఇందులో వెనుకబడి యుండలేదు. 2024 జనవరి 1వ తేదీని శ్రీహరికోట నుండి పైకెగసిన పి.ఎస్.ఎల్.వి.-సి58 రాకెట్టులో ఇస్రోవారొక ఇంధన ఘటమును బంపి పరీక్షించిరి. ఉదజని, ప్రాణవాయువులను సిలిండర్లలో వెంటగొనిపోయి, ఆకాశమునందే 180 వాట్ల విద్యుత్తును పుట్టించిరి. అరువది వాట్ల దీపములు మూడు వెలుగుటకు చాలినంత యన్నమాట. మొత్తము స్వల్పమే యైనను, ఆరంభము గొప్పది.

ఇక అసలు ప్రశ్న: ఈ ఉదజని యెచ్చటి నుండి వచ్చును? విడిగా నుదజని దొరకుట యరుదు. అది నీటితోనో నేలలోని యింధనములతోనో పెనవేసికొని యుండును. దానిని విడదీయుటకు వ్యయము తప్పదు. నేడు లోకములో అధికభాగము సహజవాయువు నుండియు బొగ్గు నుండియు తీయుచున్నారు. సహజవాయువు నుండి ఒక కిలో ఉదజని తీయునప్పటికి ఇంచుమించు 9, 10 కిలోల బొగ్గుపులుసు వాయువు గాలిలో కలియును. అప్పుడు కారు శుభ్రమే గాని, మన వాకిటి చెత్తను ఊడ్చి పొరుగువారి వాకిట పోసినట్లగును.

ఎండ వలనను గాలి వలనను పుట్టిన విద్యుత్తుతో నీటిని విడదీసి తీసినదే శుద్ధమైన ఉదజని. దీనిని హరిత ఉదజని యందురు. ఒక కిలో తీయుటకు 50 యూనిట్లకు పైగా కరెంటు కావలయును. కారులోని ఘటము ఆ కిలోనుండి మరల నిచ్చునది 20 యూనిట్లకు మించదు. అందుచేత చిన్న కార్లకు ఆ కరెంటును తిన్నగా బ్యాటరీలో నింపుకొనుటయే లాభము. ఎక్కువ బరువుతో దూరము పోవు లారీలకు, ఉక్కు కర్మాగారములకు, ఎరువుల తయారీకి ఉదజని తగును. మన మదనపల్లె టమాటాలు పరదేశములకు పోవు లారీలను తలచుకొన్నచో ఈ భేదము తెలియును. 2025 మార్చిలో టాటావారు 16 ఉదజని లారీలను పరీక్షార్థము దేశపు రహదారులపైకి పంపుట యిందులకే.

కరెంటు మాట యట్లుండనిండు. నీటి మాట యేమి? బోరు ఎండి, బిందెలు వరుసదీర్చిన వేసవులు మన నిమ్మనపల్లె ప్రాంతమువారికి క్రొత్త కాదు. కిలో ఉదజనికి 9 లీటర్ల నీరు. శుద్ధి చేయుటలో పోవు నీరు దీనికి అదనము. ఒక్క కారునకు నింపిన 5.6 కిలోలకు 50 లీటర్లు. ఇది భరింపరానిది కాదు. కాని 2025 జనవరి 8వ తేదీని విశాఖ సమీపమున పూడిమడకలో శంకుస్థాపన జరిగిన ఎన్.టి.పి.సి. వారి కేంద్రమునకు దినమునకు 1500 టన్నుల ఉదజని తీయవలెనని యుద్దేశము. లెక్క వేయుడు: దినమునకు తక్కువలో తక్కువ ఒక కోటి 35 లక్షల లీటర్లు! అది సముద్రతీరము, ఉప్పునీటిని శుద్ధి చేసి వాడుకొను వీలున్నది. మన మెట్టసీమకు ఆ వసతి లేదు. ఇట్టి కర్మాగారము మన చెరువుల దాపున పెట్టుదుమని యెవరైన వచ్చిననాడు, నీరు మోయు స్త్రీలే ముందుగా “నీరెక్కడిది?” యని యడుగవలయును. ఆ బరువు తెలిసినవారు మనమే గదా!

భయమును గూర్చి యొక మాట. వంటగ్యాసు గాలికంటె బరువైనది; కారినచో నేలబారున ప్రాకి నిలుచును. ఉదజని గాలికంటె 14 రెట్లు తేలిక. బయటిపట్టున కారినచో పైకి లేచిపోవును. మూసిన గదిలో మాత్రము ప్రమాదమే. దానికి వాసన లేదు, దాని మంట పగటివేళ కన్నులకు సరిగా ఆనదు. కార్లలో దానిని 700 వాతావరణముల యొత్తిడితో, అనగా చక్రములోని గాలికి సుమారు 300 రెట్ల యొత్తిడితో నింపుదురు. కావున ఇది ఇంటి పెరటిలో చేసికొను పని యెంతమాత్రము కాదు.

కడపటి హెచ్చరిక. “మీ స్కూటరునకు ఈ పెట్టె తగిలించిన నీటితోనే నడచును, ముందుగా కొంత సొమ్మిండు” అనువారు తటస్థింపవచ్చును. అప్పుడీ యొక్క సంగతి జ్ఞప్తికి తెచ్చుకొనుడు: నీరనగా కాలిపోయిన ఉదజని. అది ఆ వాయువునకు బూడిద వంటిది. పొయ్యిలోని బూడిదను మరల పొయ్యిలో పెట్టి అన్నము వండిన ఇల్లాలు లోకములో లేదు. నీటినుండి ఉదజనిని తీయుటకు పెట్టిన శక్తికంటె, దానిని మరల నీరుగా జేసినప్పుడు వచ్చు శక్తి యెన్నడును ఎక్కువ కానేరదు. ఈ సంగతిని పురుషులకును, ముఖ్యముగా క్రొత్త వస్తువనగానే ముచ్చటపడు పిల్లవాండ్రకును తెలియజెప్పి, పెట్టెలోని సొమ్మును పెట్టెలోనే యుంచుడు.