వ్రేళ్ల కసరత్తు

పియానో నేర్చుకొను పిల్లవానికి ముందుగా వ్రేళ్లు లొంగవలెననియు, అవి సమబలమును సమవేగమును సంపాదించిన పిమ్మట సంగీతము తనంత తానుగ వచ్చి చేరుననియు గురువులలో పెక్కుమంది నేటికిని విశ్వసించుచున్నారు. ఈ మతమునకు ప్రమాణగ్రంథము ఫ్రెంచి ఉపాధ్యాయుడు హానన్ 1873లో వెలువరించిన 60 అభ్యాసముల సంపుటము. అందలి మొదటి పుటలలో తెల్లమెట్లపై నొక్కటే స్వరక్రమము మెట్టు మెట్టుగా నెక్కి మరల దిగుచుండును. దానిని దినదినము వల్లించిన బాలుడు వేగము నార్జించునుగాని, తాను వాయించినదానిని వినవలసిన యగత్యమే యతనికి కలుగదు. నా యభ్యంతర మంతయు నిచ్చటనే యున్నది.

మన సరళీవరుసలు నట్టివే కదా యని కొందఱు వాదింతురు. కావు. మాయామాళవగౌళలో సరళి పాడు శిష్యుడు తంబుర శ్రుతిని వినుచు, ప్రతిస్వరమును తన కంఠముతో తానే నిలువబెట్టుకొనవలెను. చెవి యొక్క క్షణ మేమఱిన శ్రుతి తప్పును, తప్పినట్లు గురువునకే గాక గోడవతలి వారికిని తెలియును. పియానోలోనో, శ్రుతి చేయువాడు ముందే వచ్చి తీగె లన్నింటిని సవరించి పోయినాడు. నిద్రమత్తులో మెట్టు నొక్కినను సరియైన స్వరమే పలుకును. ఇక వాయించువానికి మిగిలిన దేమి? నాదముయొక్క బలము, నిడివి, ఒక స్వరమునుండి మఱియొకదానికి సాగు సంధానము. సుత్తి తీగెను తాకిన మఱుక్షణమునుండియే నాదము క్షీణించును గనుక, ఆ క్షీణించు ధ్వనిని విని, తరువాతి స్వరమును దానికి తగినంత మెత్తగా పలికించినప్పుడే రెండును కలిసి పాటవలె వినవచ్చును. ఆ తగినంత యెంతయో నిర్ణయించునది చెవియే.

వ్రేళ్లకు సమబలము కల్పించు కోరిక హానన్‌తో మొదలైనది కాదు. 1814లో లోజియర్ అనునతడు చేతులను చట్రమున నిలుపు కైరోప్లాస్టు యంత్రమునకు పేటెంటు పొందెను. పియానో విద్వాంసుడు కాల్క్‌బ్రెన్నర్ దానిని సులభపఱచి తన బోధనకు చేర్చుకొనెను. 1831లో పారిస్ చేరిన యువ స్వరకర్త షోపేనును తనవద్ద మూడేండ్లు నేర్చుకొనుమని యతడు కోరగా, ఆ యువకుడు సవినయముగ తప్పించుకొనెను. ఐదు వ్రేళ్లు సమానము కావని మన పల్లెలలో నెఱుగనివా రుండరు. తాను గురువైన పిమ్మట షోపేన్ దానినే మూలసూత్రముగ చేసికొని, ప్రతివ్రేలికిని గల నాదవిశేషమును మాపక పోషింపవలెననెను. 'సి' మేజరు స్వరశ్రేణి చూపునకు సులభమైనను చేతికి కష్టమని యెంచి, పొడవు వ్రేళ్లు నల్లమెట్లపై సహజముగ నానునట్టి 'బి' మేజరుతో ప్రారంభింపజేసెను. దినమునకు మూడు గంటలకు మించిన సాధన వలదనెను. మంచి గాయకులను వినుడనెను. (స్వరకర్త షూమన్ కుడిచేయి వ్రేళ్లయంత్రముచేతనే చెడెనను ప్రతీతిని నేను సాక్ష్యముగ తేను, అది వివాదగ్రస్తము.)

మఱి వ్రేళ్లకు సాధన యక్కఱలేదా? అక్కఱయే; కాని పాటలోనుండి పుట్టిన సాధన కావలెను. 1723 నాటి 'ఇన్వెన్షనులు' అను తన అభ్యాసరచనల ముఖపత్రమున స్వరకర్త బాఖ్, రెండు స్వరధారలను స్పష్టముగ వాయించుటయు, అన్నింటికంటె మిన్నగ పాడునట్టి రీతిని పొందుటయు, రచనయందు రుచి కలుగుటయు నొక్కచోటనే లక్ష్యములుగ నిలిపెను. స్వరకర్త బార్టోక్ 1926 మొదలు 1939 వఱకు కూర్చిన 'మైక్రోకాస్మోస్'లో 153 రచన లున్నవి. వానిలో మొదటివానియందు రెండు చేతులును ఒక్క వరుసనే పలుకును, చేయి చోటు కదలదు, ఐదు వ్రేళ్లకు మించిన పని లేదు. అయినను ఒక పాదమెచ్చట ముగిసి మఱియొకటి యెచ్చట నెత్తుకొనునో వినని శిష్యుడు ఆ కొన్ని పంక్తులను సైతము సరిగ వాయింపజాలడు.