బీపీ మాత్ర రాయించుకునేటప్పుడు ఆయాసం సంగతీ చెప్పండి

పొద్దున్నే నడక మొదలుపెట్టిన పది నిమిషాలకే ఛాతీ పట్టేసినట్టు ఉంటోందా? ఆగి కూర్చున్నాక దగ్గు, పిల్లికూతలు వస్తున్నాయా? ‘వయసు మీద పడింది, ఒళ్లు పెరిగింది’ అని సరిపెట్టుకుని చాలామంది నడకే మానేస్తారు. బీపీ ఉన్నవారికి నడక కూడా మందే. దాన్ని వదులుకునే ముందు, రోజూ వేసుకుంటున్న మాత్ర పేరేమిటో చూసుకోండి.

వేగంగా నడిచేటప్పుడు నోటితో గబగబా గాలి పీలుస్తాం. చల్లటి పొడిగాలి శ్వాసనాళాల్లోని తేమను లాగేస్తుంది. ఆస్తమా స్వభావం ఉన్నవారిలో అప్పుడు నాళాలు బిగుసుకుంటాయి. సాధారణంగా అరగంట నుంచి గంటలో సర్దుకుంటాయి.

ఈ నాళాలు తెరుచుకోవడానికి తోడ్పడేవి బీటా-2 గ్రాహకాలు. సాల్బుటమాల్ ఇన్‌హేలర్ పనిచేసేదీ వీటి మీదే. బీటా బ్లాకర్ రకం బీపీ మందుల్లో ప్రొప్రనలాల్ వంటివి గుండెలోని గ్రాహకాలతో పాటు వీటినీ అడ్డుకుంటాయి. అంటే ఆయాసం తెప్పించడమే కాక, ఇన్‌హేలర్ పీల్చినా గుణం సరిగా కనిపించనివ్వవు. అందుకే ఆస్తమా ఉన్నవారికి ప్రొప్రనలాల్ ఇవ్వకూడదు. అటెనలాల్, మెటాప్రొలాల్ ప్రధానంగా గుండె మీదే పనిచేస్తాయి గానీ, మోతాదు పెరిగేకొద్దీ ఆ తేడా తగ్గిపోతుంది.

బీపీ లేనివారికీ ఈ జాగ్రత్త అవసరమే. ప్రొప్రనలాల్‌ను మైగ్రేన్‌కు, చేతుల వణుకుకు కూడా ఇస్తారు. గ్లకోమాకు వాడే టిమొలాల్ కంటి చుక్కలూ ఈ కోవలోవే. కంట్లో వేసినా రక్తంలో కలిసి ఆయాసం తేగలవు.

ఎనలాప్రిల్, రామిప్రిల్ సంగతి వేరు. ఇవి కొందరిలో వదలని పొడిదగ్గు తెస్తాయి. అది ఆస్తమా కాకపోయినా, అలా అనుకుని సీసాల కొద్దీ దగ్గుమందు తాగేవారున్నారు. ఆమ్లోడిపిన్, టెల్మిసార్టన్‌లతో మాత్రం ఆస్తమాకు సాధారణంగా ఇబ్బంది ఉండదు.

ఇన్ని మందులు ఉండగా చిక్కెక్కడ వస్తోంది? నన్నడిగితే, మన ఇళ్లలోనే. గుండె డాక్టరు చీటీ ఒక కవర్లో, ఊపిరితిత్తుల డాక్టరు చీటీ మరో కవర్లో ఉంటాయి. చిన్నప్పటి ఉబ్బసం ‘ఎప్పుడో తగ్గిపోయింది కదా’ అని చెప్పం. పెళ్లి కావలసిన పిల్లలుంటే ఆ మాట అసలే బయటికి రానివ్వం. పక్కింటాయనకు పడిందని అదే మాత్ర కొనేస్తాం. పాత చీటీ చూపించి ఏళ్ల తరబడి మెడికల్ షాపులో తెచ్చుకుంటాం. డాక్టర్లు కూడా బీటా బ్లాకర్ రాసే ముందు ‘ఎప్పుడైనా ఆయాసం వచ్చిందా? ఇన్‌హేలర్ వాడారా?’ అని తప్పక అడగాలి. దానికి నిమిషం చాలు.

ఇది చదివి ఈ రోజే మాత్ర ఆపేయకండి. బీటా బ్లాకర్లను ఉన్నట్టుండి మానేస్తే గుండె నొప్పి, గుండెపోటు ముప్పు ఉంటుంది. గుండెపోటు వచ్చినవారికి ఈ మందు అవసరం కూడా ఎక్కువే. మార్చాలా, మోతాదు తగ్గించాలా అన్నది డాక్టరే తేల్చాలి. నడకలో వచ్చే ఆయాసం గుండె జబ్బు వల్లా కావచ్చు. ఛాతీ నొప్పి చేతికో దవడకో పాకినా, చెమటలు పట్టినా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.

ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కో ఫైలు పెట్టండి. మాత్రలు, చుక్కలు, ఇన్‌హేలర్ల పేర్లన్నీ ఒకే కాగితం మీద రాయండి. ఏ డాక్టరు దగ్గరకు వెళ్లినా ముందు దాన్ని చూపించండి.